తెరిచిన తలుపు, ఒక్క టోకెను

మా బడిలో ఇంగ్లీషు జాతీయాలకు రెండు మార్కులు. అర్థం రాస్తే ఒకటి, సొంత వాక్యంలో ప్రయోగిస్తే ఇంకొకటి. గైడు మొత్తం బట్టీ కొట్టేదాన్ని కాబట్టి అర్థం మార్కు నాకు ఎప్పుడూ పోయేది కాదు. ప్రయోగం దగ్గరికి వచ్చేసరికి మా అయ్యవారు ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసేవాడు. "అర్థం తెలిస్తే చాలదు పాపా, ఎవరు ఎవరితో ఎప్పుడంటారో తెలియాల," అనేవాడు. హిందూపురం పక్కన పల్లెలో తెలుగు మీడియం చదివే పిల్లకు అదెట్లా తెలుస్తుంది? ఆ మాటలు మా ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ ఎప్పుడూ అనరు.

ఆ రెండో మార్కు నాకు ముప్పై నాలుగేళ్ళ వయసులో, బెంగుళూరు బొమ్మనహళ్ళిలో, ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో దక్కింది. ఎట్లా దక్కిందో చెప్పుకోవడం సిగ్గుచేటే. అయినా చెబుతాను.

ఫ్యాక్టరీలో నా ఉద్యోగానికి హెచ్ఆర్ అని మొదలయ్యే పెద్ద పేరు ఒకటి ఉంది. చేసే పని మాత్రం చిన్నది. పై అంతస్తులో పుట్టిన ఇంగ్లీషును కింది అంతస్తు తెలుగులోకి దించడం. మిషన్ల ముందు కూర్చునే ఆడవాళ్ళలో సగం మంది కదిరి, పెనుకొండ, మడకశిర వైపు నుంచి వచ్చినవాళ్ళు. కన్నడంలో చెప్పడానికి ఇంకొకామె ఉంది. మేనేజరు ఒక వాక్యం అని ఆగుతాడు, ఆమె కన్నడంలో అంటుంది, నేను తెలుగులో అంటాను, అంతలో ఆయన గడియారం చూసుకుంటాడు. మా మీటింగులన్నీ ఇంతే.

కొత్త మేనేజరు ఉత్తరాది నుంచి వచ్చాడు. మాట్లాడేటప్పుడు కుడిచేయి గుండె మీద పెట్టుకునే అలవాటు ఆయనకు. జాతీయం లేనిదే ఆయనకు వాక్యం పూర్తయ్యేది కాదు. అందరం ఒకే పేజీలో ఉండాలంటాడు, చేతికందే పండ్లు ముందు కోద్దామంటాడు, ఎవరినీ లూపు బయట ఉంచవద్దంటాడు. కాలర్లు, కఫ్‌లు కుట్టేవాళ్ళకు ఈ పేజీలూ పండ్లూ లూపులూ ఎందుకో నాకు తెలియదు గానీ, అన్నీ దించాను. మొదటి రోజే అందరినీ నిలబెట్టి, గుండె మీద చేయి వేసుకుని అన్నాడు: "మై డోర్ ఈజ్ ఆల్వేస్ ఓపెన్."

"సారు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటాదంట," అన్నాను నేను.

మూడో వరసలో నుంచి ఒక గొంతు లేచింది. "ఎందుకప్పా, ఏసీ అంతా బయటికి పోదా?"

హాలంతా ఘొల్లుమంది. మేనేజరు నా వైపు తిరిగి ఎందుకు నవ్వుతున్నారని అడిగాడు. సంతోషించారు సార్ అన్నాను. ఆయన కూడా సంతోషించాడు. అంత తేలిగ్గా పని జరిగిపోవడం చూసి నాకే ఆశ్చర్యమేసింది.

కానీ నాలోని బడిపిల్ల ఊరుకోలేదు. అర్థం మార్కు వదులుకోవడం నా వల్ల కాదు. "అది కాదు," అని గొంతు పెంచి చెప్పాను, "మీకు ఏ కష్టమొచ్చినా సూపర్‌వైజర్‌ను అడిగే పనిలేదు. నేరుగా సారు దగ్గరికే పోవచ్చు. ఆయన వింటాడు, చేస్తాడు. నాది పూచీ." ఆయన అన్నది నాలుగైదు ముక్కలు. చేస్తాడన్నదీ పూచీ అన్నదీ నా సొంత కవిత్వం. సూపర్‌వైజర్లు నన్ను కొరకొరా చూశారు. నాకు మాత్రం ఆ పూటంతా ఒళ్ళు తేలికగా ఉంది.

ఇప్పుడు ఆ తలుపు సంగతి చెప్పాలి. అది గాజు తలుపు. పైన స్ప్రింగు ఉంటుంది, ఎవరు తెరిచి వదిలినా దానంతటదే మూసుకుంటుంది. మేనేజరుకు తన మాట మీద ఎంత మమకారమంటే, దాన్ని పోస్టరుగా అచ్చు వేయించాడు. తెరిచిన తలుపు బొమ్మ, లోపల్నుంచి ఎండ పడుతున్నట్టు. కింద మూడు భాషల్లో మాట. తెలుగుది నేనే రాశాను, "రండి, తలుపు తెరిచే ఉంది" అని. ఆ పోస్టరును తెచ్చి ఆ గాజు తలుపుకే అంటించారు. మూసిన తలుపు మీద తెరిచిన తలుపు బొమ్మ. దాని ముందు నుంచి రోజుకు పదిసార్లు నడిచేదాన్ని, ఒక్కసారైనా నాకు నవ్వు రాలేదు.

పనివాళ్ళను ఎట్లా చూసుకుంటున్నారో తనిఖీ చేయడానికి బయటి దేశపు బయ్యర్ల తరఫున ఆడిటర్లు వచ్చే రోజున మాత్రం దారపు కోనులున్న అట్టపెట్టె ఒకటి తెచ్చి తలుపుకు అడ్డం పెట్టేవాళ్ళు. ఆ పూట తలుపు తెరిచే ఉండేది. ఏసీ నిజంగానే బయటికి పోయేది. ఆడిటర్ల కారు గేటు దాటగానే పెట్టె మళ్ళీ స్టోర్‌కు పోయేది.

తలుపు కన్నా ముందు దాటాల్సింది టోకెను. అరచేయంత చెక్కముక్క. మీద తెల్లరంగుతో లైను నెంబరు, పైన బెజ్జం, బెజ్జానికి తాడు. సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకు వేలాడుతుంటుంది. లైనులో నలభై మంది ఆడవాళ్ళకు అదొక్కటే. అది చేతిలో ఉన్నామె మాత్రమే మిషను వదిలి లేవాలి. ఒంటికైనా, నీళ్ళకైనా, మరి దేనికైనా. ఆమె వచ్చి మేకుకు తగిలిస్తేనే ఇంకొకామె లేచేది. పోయిన టైము, వచ్చిన టైము సూపర్‌వైజర్ రాసుకుంటాడు. అందుకని మధ్యాహ్నం ఊట బెల్లు, అదే భోజనం గంట, కొట్టేదాకా చాలామంది నీళ్ళే తాగరు. కొత్తగా చేరేవాళ్ళకిచ్చే చిన్న పుస్తకంలో ఈ పద్ధతి గురించి ఒక పేరా ఉంది. పేరాకు శీర్షిక క్రమశిక్షణ. అది రాసింది కూడా నేనే.

మేనేజరు వచ్చిన మూడో నెలలో, బస్సులో గంట దూరాన, అత్తిబెలె దగ్గర కొత్త షెడ్డు తెరిచారు. ఇక్కడి వాళ్ళను కొంతమందిని అక్కడికి పంపుతామని నోటీసు బోర్డులో లిస్టు పెట్టారు. లిస్టులో, నాలుగో లైనులో నేను అక్కా అని పిలిచే ఆమె పేరుంది.

ఆ అక్కది కదిరి వైపు. పద్దెనిమిదేళ్ళుగా కాలర్లు కుడుతోంది. ఆమె భర్త తాపీమేస్త్రీ, గోడ కట్టడానికి వేసిన సారువ కట్టెల మీద నుంచి పడి నడుము కింద కదలిక పోయింది. ఇల్లు ఫ్యాక్టరీ వెనక రెండు సందుల అవతల. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అక్క పరుగులాంటి నడకతో ఇంటికి పోయేది. పోను ఎనిమిది నిమిషాలు, రాను ఎనిమిది. మధ్యలో పద్నాలుగు నిమిషాల్లో ఆయనకు అన్నం పెట్టి, గుడ్డలు మార్చి, ఎడమ పక్కకున్న మనిషిని కుడి పక్కకు తిప్పి వచ్చేది. ఆమె ఎప్పుడు తింటుందో నేనెప్పుడూ అడగలేదు.

లిస్టు పెట్టిన రోజు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అత్తిబెలెకి పోతే ఇంగ మధ్యాన్నం రాలేను పాపా. పొద్దున ఏ పక్కకు పండబెడితే సాయంత్రం దాకా ఆ పక్కకే ఉంటాడు. ఒళ్ళు పుండ్లు పడతాదని డాక్టరు చెప్పినాడు. ఒకసారి పడితే మానవంట."

"సారు దగ్గరికి పో అక్కా. తలుపు తెరిచే ఉంటాదని చెప్పినాడు కదా."

"చెప్పింది ఆయనా, నువ్వా?"

"ఇద్దరమూ చెప్పినాం," అన్నాను ధీమాగా.

మరునాడు పదిగంటలకు అక్క టోకెను తీసుకుని పైకి వచ్చింది. గది ముందు బెంచీ మీద కూర్చుంది. సారు కాల్‌లో ఉన్నాడని చెప్పారు. పదకొండు నిమిషాలు కూర్చుని, కింద సూపర్‌వైజర్ కేకేస్తే దిగిపోయింది. రెండో రోజు సారు బయ్యర్లతో వీడియో మీటింగులో ఉన్నాడు. మూడో రోజు గాజులోంచి ఆమెను చూసి నవ్వి చేయి ఎత్తాడు. రమ్మనో, ఉండమనో, పొమ్మనో ఆమెకు అర్థం కాలేదు. ఇంకాసేపు కూర్చుని టోకెనుతో వెనక్కి పోయింది. పోతూ పోతూ నాతో, "నవ్వినాడు పాపా. మంచోడే ఉండాడు," అంది.

ఆ మూడో రోజు మధ్యాహ్నం ఏదో సంతకానికి నేను నాలుగో లైనుకు పోయాను. ఊట బెల్లుకు ఐదు నిమిషాలుంది. మిషన్ల పక్కన నీళ్ళ సీసాలన్నీ మెడ దాకా నిండుగా ఉన్నాయి. వరసగా అన్నీ. ఏమిటని కఫ్‌లు కుట్టే ఆమెను అడిగాను.

"సారు ఎప్పుడు పిలుస్తాడో ఏమోనని టోకెను అక్కకే ఇడిసిపెట్టినాం. మేము నీళ్ళు తాగితే యాడికి పోయేది? ఆమె పని అయ్యేదాకా సుమ్నే, ఓర్చుకుని ఉందామనుకున్నాం," అంది, చేతిలో పని ఆపకుండానే.

నలభై మంది. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, మీటింగు పెట్టలేదు, పోస్టరు వేయలేదు. ఒక మనిషి ఆ తలుపు ముందు కూర్చోవడానికి నలభై మంది మూడు రోజులుగా గొంతు ఎండబెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది. దాన్ని మేనేజరు మీదికి తోసేశాను, నా మీదికి రాకుండా.

నాలుగో రోజు అక్కకు లోపలికి పిలుపొచ్చింది. తెలుగు కోసం నన్నూ పిలిచారు. ఆయన కుర్చీ చూపించాడు, అక్క కూర్చోలేదు. నాలుగు మాటల్లో తన బాధ చెప్పింది. నేను ఒక్క ముక్క కూడా వదలకుండా ఇంగ్లీషులో పెట్టాను. పక్కకు తిప్పడం, పుండ్లు, డాక్టరు మాట, అన్నీ. బాగా చెప్పానని నాకే అనిపించింది. ఆయన గుండె మీద చేయి వేసుకున్నాడు. "ఐ హియర్ యూ," అన్నాడు. "లీవ్ ఇట్ విత్ మీ," అన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరినీ దాటి తలుపు వైపు చూస్తూ, ఎంతో ఆప్యాయంగా, "మై డోర్ ఈజ్ ఆల్వేస్ ఓపెన్," అన్నాడు.

మేము బయటికి వచ్చాము. వెనక తలుపు మెల్లగా మూసుకుంది. అప్పుడు వెలిగింది నాకు, మా అయ్యవారు ఎర్ర సిరాతో అడిగినదేమిటో. ఎవరంటారు? గది ఉన్నవాళ్ళు. ఎవరితో? గది లేనివాళ్ళతో. ఎప్పుడు? వాళ్ళు ఇక లేచి వెళ్ళాల్సినప్పుడు. ఇరవై ఏళ్ళు ఆలస్యంగానైనా ప్రయోగం వచ్చేసింది.

"ఏమన్నాడు పాపా?" అంది అక్క.

"చూస్తానన్నాడక్కా," అన్నాను. వచ్చిన ప్రయోగాన్ని ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు.

వారం తర్వాత తుది లిస్టు పెట్టారు. అక్క పేరు ఎక్కడిదక్కడే ఉంది. నేను ధైర్యం చేసి పోయి అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. తాను విన్నాడు కదా అన్నాడు. చాలా కంపెనీల్లో అసలు వినను కూడా వినరట. ఆయన కళ్ళలో నిజంగానే బాధ కనిపించింది, తన మంచితనాన్ని ఎవరూ గుర్తించడం లేదన్న బాధ.

ఇంతకీ ఆ ఫ్యాక్టరీలో నిజంగా ఎప్పుడూ తెరిచే ఉండే తలుపు ఒకటుంది. ఆడవాళ్ళ రెండో టాయిలెట్ తలుపు. దాని గడియ ఊడిపోయి ఏడాది దాటింది. లోపల ఒకరుంటే బయట ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడాలి. లిస్టు వచ్చిన మరునాడు అక్క అట్లా తలుపు పట్టుకుని నిలబడితే, లోపలున్న ఏడో లైను ఆమె అక్కడి నుంచే తన గోడు వెళ్ళబోసుకుందట. ఆమెది ఆనేకల్ వైపు. రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. అత్తిబెలె షెడ్డు అయితే ఆమెకు ఇంటి పక్కన ఉన్నట్టే. పంపమని అడగడానికి ఆమె కూడా సారు తలుపు ముందు రెండు రోజులు కూర్చుని వచ్చిందట. ఆమె పేరు లిస్టులో లేదు. ఆమె కుట్టేది కూడా కాలర్లే.

"అయితే నా పేరు నువ్వు తీసుకో, నీ పేరు నేను తీసుకుంటా," అందట అక్క, తలుపు వదలకుండా.

ఇద్దరూ కలిసి నా దగ్గరికి వచ్చారు. నేను అరపేజీ కాగితం టైపు చేశాను. మేనేజరు ఫోను మాట్లాడుతూనే, చదవకుండానే, సంతకం పెట్టాడు. మొత్తం అంతే పని. అందరి చిరునామాలూ నా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆనేకల్ నుంచి ఎవరొస్తున్నారో ఒక్కసారి వెతికి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. నాకు తట్టలేదు. నేను ఆయన వాక్యాలను తెలుగులోకి దించే పనిలో తీరిక లేకుండా ఉన్నాను.

అక్క మధ్యాహ్నం నడక మళ్ళీ మొదలైంది. ఇక్కడితో ఆపేస్తే నాకు బాగుండేది.

తర్వాతి నెలలో ఆడిటరు వచ్చింది. నా కన్నా చిన్నది, నల్ల బ్యాగు, చేతిలో ప్రశ్నల కాగితాలు. అట్టపెట్టె దాని చోటికి వచ్చింది, తలుపు తెరుచుకుంది. పనివాళ్ళ కష్టాలు పైదాకా వస్తాయా అని ఆమె అడిగితే, మేనేజరు ఉత్సాహంగా అక్క కథ చెప్పాడు. ఒక కార్మికురాలు, మంచాన పడిన భర్త, నేరుగా తన దగ్గరికి రావడం, బదిలీ రద్దు కావడం. టాయిలెట్ తలుపు ఆ కథలో లేదు. ఆమెను పిలుద్దామన్నాడు. అక్కను పిలిచారు. ఆడిటరు నా వైపు తిరిగి, ఈ తలుపు ఆమెకు ఎట్లా ఉపయోగపడిందో ఆమె మాటల్లో చెప్పమనండి, అంది.

నేను అక్కకు చెప్పాను. అక్క ఈసారి కుర్చీలో కూర్చుంది. చేతిలో ఉన్న టోకెనును ఒళ్ళో పెట్టుకుంది.

"సారు సంతకం పెట్టినాడు, మేలు. ఆయన చల్లగుండాల. కానీ ఇంకో మాట ఉండాది. మా లైన్లో నలభై మంది ఆడోళ్ళుండాం. అందరికీ కలిపి ఇదొక్కటే టోకెను. నేను ఈ తలుపు కాడ కూర్చున్న నాలుగు దినాలూ వాళ్ళు నీళ్ళు తాగకుండా కూర్చున్నారు. ఒకామెకు ఉచ్చ మంటెత్తి జొరం కూడా వచ్చింది. ఆమె నన్ను ఒక మాట అనలేదు. థ్యాంక్స్ చెప్పాల్సింది వాళ్ళకి. లైనుకు ఇంకో టోకెను ఇప్పిస్తే పుణ్యముంటాది. ఆ మాట ఈయమ్మకు చెప్పు పాపా."

ఆడిటరు కలం కాగితం మీద ఆనించి నా ముఖం వైపు చూసింది. మేనేజరు కూడా చూశాడు. ఆయన చేయి అప్పటికే గుండె మీద ఉంది. నా ఉద్యోగాన్ని ఇంకో ఏడాదికి పొడిగించే అగ్రిమెంటు మరుసటి వారం ఆయన సంతకానికి పోవాలి. ఆ గదిలో తెలుగూ ఇంగ్లీషూ రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు భయమేసింది. దానికి ఇంకో పేరేమీ లేదు.

"షీ ఈజ్ వెరీ థ్యాంక్‌ఫుల్," అన్నాను.

ఆమె రాసుకుంది. ఇంకేమైనా చెప్పాలా అని అడగమంది. నేను అక్క వైపు తిరగలేదు. "నో," అన్నాను.

మేనేజరు నవ్వాడు. ఆడిటరు నవ్వి అక్కకు నమస్కారం పెట్టింది. అక్క లేచి, ఆ అట్టపెట్టెను దాటి బయటికి వచ్చింది. వెనకే నేనూ వచ్చాను. మెట్ల దగ్గర ఆగి, ఆమె నన్ను తేరిపార చూసింది. కోపం ఉంటుందనుకున్నాను. లేదు. ఏదో లెక్క తేలనట్టు చూసింది.

"అంతసేపు చెప్తినే పాపా," అంది. "ఇంగ్లీషులో అంత పొట్టిగా అయిపోతాదా?"

కింద సూపర్‌వైజర్ కేకేశాడు. అక్క టోకెను తాడు వేలికి చుట్టుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

నా అగ్రిమెంటుకు సంతకం అయింది. నేను ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. నాలుగో లైనుకు ఇప్పటికీ ఒక్కటే టోకెను.